రెండో పాము కొనే ముందు ఒక ఖాళీ పెట్టె కొనండి

ఉన్న పాముకి తోడుగా ఇంకోటి తెచ్చుకోమంటారా అని, అక్కా అని పిలిచి అడిగారు కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను. వచ్చే నెల వద్దు. అసలే వద్దనడం లేదు, వచ్చే నెల మాత్రం వద్దు. ఎప్పుడు, ఏది, ఎలా అన్నది కింద రాస్తాను. కాస్త పొడుగవుతుంది, టీ పెట్టుకుని కూర్చోండి.

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. టెక్సస్‌లో డాలస్ దగ్గర ప్లేనోలో రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్. రెండేళ్లుగా ఒక మగ బాల్ పైథాన్ (విషం లేని, చిన్నజాతి కొండచిలువ), నాలుగడుగుల గాజు ట్యాంకులో. బాగా తింటోంది, ఇంతవరకు కరవలేదు. రాత్రిళ్లు గాజు వెంబడి అటూ ఇటూ తిరుగుతుంటే ఒంటరిగా ఉందేమోనని మీకు బెంగ. ఆగస్టులో ఆర్లింగ్టన్ రెప్టైల్ షోకి, అంటే పాములూ బల్లులూ అమ్మే సంతకి వెళ్లి ఒక ఆడ పిల్లని తెచ్చి, అదే ట్యాంకులో తోడుగా పెడదామని ఆలోచన. ఇంట్లో రెండేళ్ల పాప. డిసెంబర్‌లో ఐదు వారాలు గుంటూరు ప్రయాణం.

నేను ఇర్వింగ్‌లో పద్నాలుగేళ్లుగా పాముల్ని పెంచుతున్నాను. ఒక దశలో ఇంట్లో ఏడు ఉండేవి. ఇప్పుడు మూడే: ఒక ముసలి బాల్ పైథాన్, ఒక కార్న్ స్నేక్, ఒక హాగ్‌నోజ్ (ముక్కు పైకి తిరిగి ఉండే చిన్న పాము). ఏడు కాస్తా మూడు ఎందుకయ్యాయో చెబితే మీ ప్రశ్నకి సగం జవాబు దొరుకుతుంది. అక్కడికి తర్వాత వస్తాను.

ముందు ఒంటరితనం సంగతి. బాల్ పైథాన్ సొంతూరు పశ్చిమ ఆఫ్రికా. ఘనా, టోగో, బెనిన్ వైపు. అక్కడ పగలంతా ఎలుక బొరియల్లోనో, చెదపుట్టల్లోనో ముడుచుకుని ఉండి చీకటి పడ్డాక బయటికొస్తుంది. అంటే మన ‘పుట్టలో పాము’ అక్కడా ఉన్నట్టే. ఇది గుంపుగా తిరిగే జంతువు కాదు, తోడు లేకపోతే బెంగపెట్టుకోదు అని మాకు మొదట్నుంచీ చెప్పేవాళ్లు. నేనూ పదేళ్లు అదే అందరికీ చెప్పాను.

ఈ మధ్య ఆ మాటకి చిన్న బీట పడింది, అది దాచడం న్యాయం కాదు. కెనడాలో విల్‌ఫ్రిడ్ లారియర్ యూనివర్సిటీ వాళ్లు 2020లో గార్టర్ పాముల మీద ఒక పని చేశారు. అవి ఏ పాము పక్కన పడితే ఆ పాము పక్కన చేరవని, కొన్నిటి పక్కకే మళ్లీ మళ్లీ వెళ్తాయని తేలింది. 2024లో అక్కడివాళ్లే బాల్ పైథాన్ పిల్లల్ని గుంపుగా పెట్టి కొన్ని రోజులు కెమెరాతో చూశారు. దాక్కోవడానికి అన్నిటికీ సరిపడా గూళ్లు ఉన్నా, చాలాసేపు అన్నీ ఒకే గూట్లో దూరి కూర్చున్నాయి. కలిపి ఉన్నవాటిని విడదీసి వేరే చోట్ల పెట్టినా మళ్లీ ఒకచోటికే చేరాయి. అది చదివి నేను నిజంగా ఆశ్చర్యపోయాను.

అయితే మన ఇంట్లోనూ కలిపేద్దామా అంటే, వద్దు. అవి ఒకే ఈడు పిల్లలు, చూస్తున్నది పరిశోధకులు, అదీ కొద్ది రోజులు. మీది రెండేళ్లు పైబడిన మగది, మీరు తెచ్చేది అరచేతిలో పట్టే ఆడ పిల్ల, కలిసి ఉండాల్సింది ఏళ్ల తరబడి. నాలుగడుగుల ట్యాంకులో సరైన వెచ్చదనం ఉండే మూల ఒకటే ఉంటుంది. రెండూ ఆ మూలలో ఒకదాని మీద ఒకటి పడుకుంటే ఫోటోకి ముద్దుగానే ఉంటుంది. చలిమంట దగ్గర చోటు కోసం పెద్దది చిన్నదాన్ని తొక్కేస్తోందేమో మనకి తెలియదు. ఏదో ఒకటి తిన్నది కక్కితే ఏది కక్కిందో తెలియదు. విరేచనం పల్చగా ఉంటే ఎవరిదో తెలియదు. ఎలుక వాసన రెండిటి ఒంటికీ అంటుకుని ఉన్నప్పుడు పొరపాటున ఒకదాన్ని ఒకటి పట్టుకోవచ్చు. ఇవన్నీ దాటినా, ఆడది పూర్తిగా ఎదగకముందే గుడ్ల మీదకి వస్తే దానికి ప్రాణం మీదకే రావచ్చు. కాబట్టి రెండో పాము అంటే రెండో ట్యాంకు. ఇందులో బేరం లేదు. (ఎవరైనా కింగ్ స్నేక్ తక్కువకి ఇస్తామని అంటే అది పక్క గదిలో ఉన్నా ట్యాంకు మూత తాళం రెండుసార్లు చూసుకోండి. మన రాచనాగులాగే దానికీ సాటి పామే భోజనం.)

ఇక రాత్రి గాజు వెంబడి తిరగడం. మగ బాల్ పైథాన్ ఆడదాని కోసం తిరిగే కాలం ఒకటి ఉంటుంది, మనకి ఆశ్వయుజం, కార్తీకం వచ్చేసరికి మొదలవుతుంది. మిగతా రోజుల్లో తిరుగుతుంటే నేను ముందు చూసేది థర్మామీటర్. వెచ్చని వైపు 88 నుంచి 92 డిగ్రీల ఫారన్‌హీట్, చల్లని వైపు 76 నుంచి 80, తేమ 60 శాతానికి తగ్గకుండా. ఆ చల్లని వైపు గూడు ఒళ్లంతా నాలుగు పక్కలా ఆనేంత ఇరుకుగా ఉందా? ఎక్కువమంది పెద్ద గూడు కొనిచ్చి మంచి చేశామనుకుంటారు. దానికి మాత్రం ఇరుకే ఇష్టం. ఈ వారం అవి సరిచేసి చూడండి, తిరగడం తగ్గుతుందని నా అంచనా.

మీ ప్రశ్న రెండోసారి చదివితే నాకు ఇంకోటి తోచింది. మీకు ఇంకో పాము కావాలి. ఊరికే కావాలని చెప్పడానికి మొహమాటపడి, ఉన్న పాముకి తోడంటున్నారు. ఏం తప్పులేదు. నేను ఆరుసార్లు ఇదే పని చేశాను, ప్రతిసారీ మా ఆయనకి ఒక కొత్త కారణం చెప్పి. మీకు మీరు నిజం చెప్పుకుంటే లెక్క సులువవుతుంది: మీ సరదా కోసం తెచ్చే ప్రాణం కాబట్టి దాని బాగోగుల భారం మొత్తం మీదే.

ఆ భారం మామూలు రోజుల్లో కనబడదు. అక్కడే అందరం మోసపోతాం. పాముకి రోజూ చేయాల్సిన పని పది నిమిషాలు. నీళ్లు మార్చడం, వేడి చూడటం, మలం ఉంటే తీయడం. రెండు పాములకి పావుగంట. ‘ఒకటి ఎంతో రెండూ అంతే’ అన్న మాట మూడువందల అరవై రోజులు నిజమే. మిగిలిన ఐదు రోజుల గురించి రెండు సంగతులు చెబుతాను.

మొదటిది మైట్స్. పాము పొలుసుల కింద దూరి రక్తం తాగే నల్లటి చిన్న పురుగులు, మన పేల లాంటివి. నా రెండో పామును ఒక షోలో కొన్నాను. చూడటానికి నిగనిగలాడుతూ ఉంది. కొత్త పామును వేరే గదిలో కనీసం రెండు మూడు నెలలు విడిగా ఉంచాలని నాకు తెలుసు. మూడు వారాలు ఉంచాను. హాల్లో రెండు ట్యాంకులు పక్కపక్కన పెడితే ఎంత బాగుంటుందో అన్న ఆత్రం ఆగలేదు. నాలుగో వారంలో మొదటి పాము పొద్దస్తమానం నీళ్ల గిన్నెలోనే పడుకోవడం మొదలుపెట్టింది. ఉక్కపోత అనుకున్నాను. గిన్నె తీసి చూస్తే అడుగున మిరియపు పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు. తర్వాత ఆరు వారాలు మా ఇల్లు ఇల్లులా లేదు. రెండు ట్యాంకుల్లో ఉన్నదంతా చెత్తబుట్టలో పారేసి, అడుగున పేపర్ టవల్స్ పరిచి, స్ప్రే కొట్టి, ట్యాంకు మూలల్లో దూదిపుల్లలతో తుడిచి, రెండు రోజులకోసారి మళ్లీ అదే. కార్పెట్‌లో కూడా దూరి ఉంటాయన్న భయంతో సోఫా వెనక మోకాళ్ల మీద పాకుతూ వాక్యూమ్ పట్టాను.

మైట్స్ ఇంకా నయం, కంటికి కనబడతాయి. పైథాన్‌లకి నిడోవైరస్ అని ఒకటి ఉంది, ఊపిరితిత్తుల జబ్బు. బయటికి ఏమీ కనబడకుండా నెలల తరబడి మోయగలవు. నోట్లోంచి స్వాబ్ తీసి ల్యాబ్‌కి పంపితేనే తెలుస్తుంది. కార్న్ స్నేక్ లాంటివాటికి క్రిప్టో అనే పరాన్నజీవి పడితే తిన్నది కక్కుతూ, నడుం మధ్యలో వాచి చిక్కిపోతాయి. దానికి నమ్మదగ్గ మందు లేదు. అందుకే మూడు నెలల క్వారంటైన్. వేరే గది, వేరే పట్టకారు, వేరే నీళ్ల గిన్నె, ముందు పాతదాని పని చేసి చేతులు కడుక్కుని చివర్లో కొత్తదాని దగ్గరికి వెళ్లడం. మీ రెండు బెడ్‌రూముల్లో ఒకటి మీది, ఒకటి పాపది. హాల్లో పాత పాము. ఆ మూడో గది ఎక్కడుంది? బాత్రూములో పెడతాననకండి, అందరూ అదే అంటారు. మూడు నెలలు స్నానాల ఆవిరి, తలుపు తీసినప్పుడల్లా వేడి మారడం. ఆ పాము తినడం మానేస్తుంది.

రెండోది 2021 ఫిబ్రవరి చలి తుఫాను. మీరు అప్పటికి టెక్సస్ రాలేదేమో. సోమవారం తెల్లవారుజామున కరెంటు పోయింది. ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. మంగళవారం పొద్దున డాలస్‌లో మైనస్ 2 ఫారన్‌హీట్, సెల్సియస్‌లో అయితే మైనస్ 19. ఇంట్లో ఏడు పాములు, వాటికి ఏడు హీటర్లు, ఒక్కదానికీ కరెంటు లేదు. ఇంట్లో వేడి గంటగంటకీ దిగిపోతోంది. గ్యాస్ స్టవ్ ఉండబట్టి బతికాం. అగ్గిపుల్లతో వెలిగించి నీళ్లు కాచి సీసాల్లో పోసి తువ్వాళ్లు చుట్టాం. ఒక్కో పామును ఒక్కో తలగడ గలీబులో వేసి మూతి ముడేసి, పిక్నిక్‌కి తీసుకెళ్లే ఐస్‌బాక్సుల్లో ఆ సీసాల మధ్య సర్దాం. ఐస్‌బాక్స్ చల్లదనాన్నే కాదు, వేడినీ పట్టి ఉంచుతుంది. ఒకటే ఉండుంటే జాకెట్‌లో వేసుకుని దుప్పటి కప్పుకుని పడుకునేదాన్ని. నా ఒంటి వేడి చాలు దానికి. ఏడింటికి మేమిద్దరం రెండు గంటలకోసారి లేచి సీసాలు మార్చాల్సి వచ్చింది. సీసా మరీ వేడిగా ఉంటే ఒళ్లు కాలుతుంది, చల్లారితే సీసానే ఐస్‌లా పనిచేస్తుంది. రెండో రాత్రికి నాకు ఏ గలీబులో ఏది ఉందో గుర్తు లేదు.

అందులో రెండు అంతకు ముందు శనివారమే ఎలుకని తిని ఉన్నాయి. ఇది గుర్తుపెట్టుకోండి: పాముకి అరగాలంటే బయటి వేడి కావాలి. వేడి లేకపోతే కడుపులో ఎలుక కుళ్లుతుంది. ఒకటి కక్కేసింది. చలి తుఫాను వస్తోందని వార్తల్లో చెప్పగానే తిండి ఆపేయాలని అప్పుడు తెలిసింది. కార్న్ స్నేక్ ఆ మూడు రోజులూ ఏమీ పట్టనట్టు ఉంది. అది ఈ దేశపు పామే, చలికాలం నిద్రపోవడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. బాల్ పైథాన్‌లకి మాత్రం పడలేదు. కరెంటు వచ్చిన పది రోజులకి ఒకదానికి ముక్కు దగ్గర బుడగలు, తల పైకెత్తి నోరు తెరిచి ఊపిరి పీల్చడం. మామూలు వెట్ (పశువుల డాక్టరు) చూడరు, రెప్టైల్స్ చూసే వెట్ కావాలి. యాంటీబయాటిక్ ఇంజక్షన్లు రాసిచ్చారు, 72 గంటలకోసారి, ఇంట్లో నేనే చేయాలి. అది బతికింది. రెండోదానికి జబ్బని నేను గుర్తుపట్టేసరికి ఆలస్యమైంది. ఒక్కటే ఉన్న ఇంట్లో అయితే దాని ఊపిరి శబ్దం మొదటిరోజే వినేదాన్ని. ఏడింటి మధ్య వినబడలేదు. మార్చిలో పోయింది.

ఆ ఏడాదే మూడింటిని నాకు బాగా తెలిసిన పెంపకందారులకి ఇచ్చేశాను. ఏడు మూడవడం అలా జరిగింది. నా చేతులకి, నా చెవులకి, నా ఐస్‌బాక్సులకి సరిపోయే లెక్క మూడని తేలింది. మీ లెక్క రెండు కావచ్చు, ఒకటి కావచ్చు. అది మంచి రోజున తేలదు.

మీ ఐదు వారాల గుంటూరు కూడా అలాంటిదే. పెద్ద బాల్ పైథాన్ ఒక్కటే అయితే వెళ్లే ముందు పెట్టి, వచ్చాక పెట్టొచ్చు. మధ్యలో ఎవరైనా వచ్చి నీళ్లు మార్చి, వేడి చూసి వెళ్తే చాలు. నెలరోజులు తినకపోయినా దానికేమీ కాదు. పిల్ల పాము అలా కాదు. వారానికో, పది రోజులకో తినాలి. అంటే మీ స్నేహితుడు చచ్చి గడ్డకట్టిన ఎలుకని నీళ్లలో కరిగించి, వెచ్చచేసి, పట్టకారుతో ఆడించి తినిపించాలి, అది తినకపోతే పారేయాలి. కూరగాయలకి నీళ్లు పోయమంటే వస్తాడు. దీనికి వచ్చే స్నేహితుడు ఉన్నాడా? పేరు చెప్పగలరా? ఆగస్టులో తెస్తే డిసెంబర్‌కి అది మీ ఇంటికి అలవాటయ్యీ అవకుండా ఉంటుంది. నేను వచ్చే నెల వద్దన్నది ముఖ్యంగా ఇందుకే.

ఇంకో మాట, మీరు అడగలేదు. మీ వీసా ఏమిటి? హెచ్1బీ అయితే ఉద్యోగం పోయాక కొత్తది వెతుక్కోవడానికి మహా అయితే 60 రోజుల గడువు. నేను భయపెట్టడం లేదు, ఆ 60 రోజుల్లో కారు అమ్మగలం, సోఫా ఇచ్చేయగలం. బాల్ పైథాన్ సరిగ్గా చూస్తే ఇరవై, ముప్పై ఏళ్లు బతుకుతుంది. సెయింట్ లూయిస్ జూలో ఒకటి ఉండేది, 1961 నుంచి అక్కడే. 2020 జూలైలో, దానికి అరవై దాటాక, ఏళ్ల తరబడి మగ పాము ముఖం చూడకుండానే ఏడు గుడ్లు పెట్టింది. మన గ్రీన్ కార్డు క్యూ కంటే పొడుగైన ఆయుష్షు! ఇండియాకి తీసుకెళ్లడం గురించి ఆలోచించకండి. అది అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో ఉన్న జంతువు. అక్కడి అనుమతులు, 2024 నియమాల కింద పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్, ఇవేవీ సామాన్యుడు సామానుతో పాటు చేసుకునే పనులు కావు. చెన్నై విమానాశ్రయంలో బ్యాగుల్లో బాల్ పైథాన్‌లు పట్టుబడ్డ వార్తలు మీరూ చదివే ఉంటారు. కాబట్టి ఉన్న ఒక్కదానికే ‘మేం వెళ్లిపోతే దీన్ని ఎవరు తీసుకుంటారు’ అన్నదానికి ఒక మనిషిని మాట్లాడి పెట్టుకోండి. రెండింటికి అడగడం ఒకదానికి అడిగినంత సులువు కాదు.

డబ్బు గురించి ఎక్కువ చెప్పను. షోలో పాము 80 డాలర్లకి దొరుకుతుంది, దాని ఇల్లు 500 అవుతుంది. ట్యాంకు, హీటర్, గూళ్లు, నీళ్ల గిన్నె. వేడి మించకుండా చూసే థర్మోస్టాట్ దగ్గర పొదుపు చేయకండి. అది లేని హీట్ మ్యాట్ మీద పాము కడుపు కాలినా కదలకుండా పడుకుంటుంది. ఏడాది తిండి వంద డాలర్ల చుట్టూ. వెట్ దగ్గరికి ఒక్కసారి వెళ్తే ఆ ఏడాది లెక్కలన్నీ చెల్లాచెదరు.

పాప విషయం మాత్రం గట్టిగా చెబుతాను. పాము ఎంత ఆరోగ్యంగా ఉన్నా దాని ఒంటి మీద సాల్మొనెల్లా ఉండొచ్చు. ఐదేళ్లలోపు పిల్లలు, 65 దాటినవాళ్లు రెప్టైల్స్‌ని ముట్టుకోకూడదని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. రెండేళ్ల పిల్లకి చెయ్యి నోట్లో పెట్టుకోవద్దని చెప్పి గెలిచిన తల్లిదండ్రుల్ని నేను చూడలేదు. ట్యాంకుకి తాళం, వంటగది సింకులో పాము సామాన్లు కడగకపోవడం, ఎలుకల్ని వంటింటి గిన్నెల్లో కరిగించకపోవడం. మా ఇంట్లో ఎలుకలకి గరాజ్‌లో చిన్న ఫ్రిజ్ వేరే ఉంది. మొదట్లో ఒకే ఫ్రీజర్ వాడాం. ఒకరోజు మా ఆయన కరివేపాకు అనుకుని తీసిన కవర్‌లో ఏముందో చూశాక ఆ మర్నాడే రెండో ఫ్రిజ్ వచ్చింది.

మీ అమ్మానాన్నలు వచ్చే వేసవికి వస్తారని కూడా రాశారు. మా అత్తయ్యగారు తెనాలి నుంచి మొదటిసారి వచ్చినప్పుడు రెండు రాత్రులు మంచం మీద కాళ్లు ముడుచుకునే కూర్చున్నారు. మూడోరోజు ట్యాంకు ముందు కుర్చీ వేసుకున్నారు. నాగుల చవితికి ఆ గాజు మీద పసుపు, కుంకుమ బొట్టు పెట్టి, పాలు పోయనా అని అడిగారు. పాలు దానికి అరగవండీ అంటే, ‘పుట్టలో పోసినప్పుడు మాత్రం అరుగుతాయా, మన తృప్తి’ అన్నారు. బెనిన్‌లో ఉయ్‌దా అనే ఊళ్లో ఇదే జాతి పాములకి ఏకంగా గుడే ఉందని చెబితే ఎంత సంతోషించారో. పెద్దవాళ్ల గురించి మీరు పడుతున్న టెన్షన్ కొంత అనవసరం. వాళ్లని ముట్టుకోనివ్వకండి, అంతే.

సరే, చివరికి కొనేటట్టయితే ఏది? మీకు బాల్ పైథాన్‌తో రెండేళ్ల అనుభవం ఉంది కాబట్టి ఇంకోటీ అదే కొనాలనిపిస్తుంది. నా సలహా కార్న్ స్నేక్. మన జెర్రిపోతుకి దూరపు చుట్టం, విషం లేదు, మూడు నుంచి ఐదడుగులు. తేమ గురించి అంత పట్టింపు లేదు, చలిని ఓర్చుకుంటుంది, తిండి దగ్గర అలక లేదు. బాల్ పైథాన్ అలక ఎలాంటిదో మీకింకా తెలిసినట్టు లేదు. మీదింకా చిన్నది. ఒక కార్తీక మాసంలో ఉపవాసం మొదలుపెట్టి శివరాత్రి దాటినా విరమించదు. ప్రతి వారం ఎలుక కరిగించడం, పారేయడం, తూకం వేయడం. బరువు పదో వంతుకి మించి తగ్గనంత కాలం కంగారు లేదని నేను చెబుతాను, మీరు వింటారు, అయినా రాత్రి నిద్ర పట్టదు. రెండు బాల్ పైథాన్‌లు ఒకేసారి ఉపవాసం చేస్తే ఇంట్లో మనుషులకీ అన్నం సహించదు. (జార్జియాలో ఉండే స్నేహితులు ఎవరైనా ఇది చదువుతుంటే ఆగండి. కార్న్ స్నేక్ అక్కడి స్థానిక పాము కాబట్టి అనుమతి లేకుండా పెంచడం మీకు నేరం, బాల్ పైథాన్ పెంచుకోవచ్చు. రాష్ట్రానికో చట్టం. హవాయిలో అయితే ఏ పామూ కుదరదు, పట్టుబడితే జైలు కూడా పడొచ్చు.)

బాల్ పైథానే కావాలంటే రంగు చూసి పడిపోకండి. స్పైడర్ అనే రకం గీతలు చాలా అందంగా ఉంటాయి, కానీ ఆ జన్యువుతో పాటే తల ఊగడం వస్తుంది. కొన్నిటికి కొద్దిగా, కొన్నిటికి ఎలుకని గురిచూసి పట్టలేనంతగా. పిల్లగా ఉన్నప్పుడు ఎంతవరకు ముదురుతుందో చెప్పలేం. నేను కొనను.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. ఆగస్టు షోకి వెళ్లండి, పాము కొనకండి, ట్యాంకు కొనండి. ఇంటికి తెచ్చి, పాము వస్తే ఏ మూలన పెడతారో అక్కడే పెట్టి, హీటర్, థర్మోస్టాట్, గూళ్లు అన్నీ అమర్చండి. అందులో పాము ఉన్నట్టే చూడండి. రోజూ నీళ్లు మార్చండి. పొద్దున, రాత్రి వేడి, తేమ ఒక నోట్‌బుక్‌లో రాయండి. పదిరోజులకోసారి ఎలుకని కరిగించాల్సిన రాత్రి, చేయి కడుక్కుని అరగంట దాని ముందు కూర్చోండి. పాత పాము పని ముందు, ఖాళీ పెట్టె పని తర్వాత, మధ్యలో చేతులు కడుక్కోవడం. డిసెంబర్‌లో వెళ్లేటప్పుడు మీ స్నేహితుడికి రెండు పెట్టెలూ అప్పగించండి, రెండిట్లోనూ నీళ్లు మార్చమనండి.

వినడానికి పిచ్చిగా ఉంటుంది. మా ఆయన నన్ను ఖాళీ పెట్టెకి కాపలా కాస్తున్నావని నెల్లాళ్లు ఏడిపించారు. హాగ్‌నోజ్ కోసం నేను ఇలాగే మూడు నెలలు చేశాను. దానికి ముందు ఇంకో ట్యాంకు ఇలాగే పెట్టాను, గ్రీన్ ట్రీ పైథాన్ కోసం. ఐదో వారంలో తేమ రాయడం మానేశాను. ఏడో వారంలో నీళ్ల గిన్నె ఎండిపోయి కనబడింది. ఆ ట్యాంకు అమ్మేశాను, అందులో ఉండాల్సిన పాము ఇంకెవరింట్లోనో చక్కగా ఉండి ఉంటుంది.

మీ నోట్‌బుక్ జనవరి దాకా నిండితే ఫిబ్రవరిలో ఆర్లింగ్టన్‌లో మళ్లీ షో ఉంటుంది, నేనూ వస్తాను. గడ్డం కింద పొలుసుల్లో మైట్స్ ఎలా వెతకాలో, కింద మలద్వారం శుభ్రంగా ఉందో లేదో ఎలా చూడాలో, గడ్డకట్టిన ఎలుకని కరిగించి పెడితే తింటోందా, బతికున్నదే కావాలంటుందా అని అమ్మేవాళ్లని ఎలా అడగాలో అక్కడే చూపిస్తాను. ఆరోజు చలి ఉంటుంది, పార్కింగ్ దూరం. ఒక తలగడ గలీబు తెచ్చుకోండి.